డిలీట్ కాకుండా మొరాయించే ఫైళ్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా కంప్యూటర్‌లో విండోస్ 11 ఉంది. అవసరం తీరిపోయిన ఒక వీడియో ఫైల్‌ను తొలగించబోతే, అది వేరే ప్రోగ్రామ్‌లో తెరిచి ఉన్నందున తొలగించడం సాధ్యం కాదనే సందేశం వస్తోంది. నేనైతే ఏ ప్రోగ్రామూ తెరవలేదు. రాత్రి షట్ డౌన్ చేసి ఉదయం ఆన్ చేసినా అదే సందేశం. బలవంతంగా డిలీట్ చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇన్‌స్టాల్ చేసుకోమని మిత్రులు అంటున్నారు. చేసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. ఆ సందేశం చాలావరకు నిజమే చెబుతుంది. విండోస్‌లో ఏ ప్రోగ్రామ్ అయినా ఒక ఫైల్‌ను తెరిచేటప్పుడు, తాను దాన్ని వాడుకుంటున్నంతసేపూ ఇతరులు ఆ ఫైల్‌ను చదవవచ్చా, అందులో రాయవచ్చా, దాన్ని తొలగించవచ్చా అన్న మూడు విషయాలనూ ముందే తెలియజేస్తుంది. తొలగించడానికి అది ఒప్పుకోకపోతే, దాని పని ముగిసేవరకు మీ ఆజ్ఞను విండోస్ తోసిపుచ్చుతుంది. సగం రాసిన పత్రం, సగం కాపీ అయిన డేటా మధ్యలో మాయమైపోకుండా కాపాడేది ఈ ఏర్పాటే కనుక, దాన్ని పడగొట్టే దారి వెతకడం కంటే ఫైల్‌ను పట్టుకుని ఉన్నది ఎవరో తెలుసుకోవడం మేలు.

మీరు ఏదీ తెరవకపోయినా మీ తరఫున తెరిచేవి చాలానే ఉంటాయి. వీడియో విషయంలో నేను మొదట అనుమానించేది ఫోల్డర్లను చూపించే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌నే. చిన్న బొమ్మ తయారు చేయడానికి, నిడివి ఎంతో చూపడానికి, ప్రివ్యూ పేన్‌లో ప్రదర్శించడానికి అది ఫైల్‌ను తెరిచి చదువుతుంది. డౌన్‌లోడ్ సగంలో ఆగిన వీడియోలు, దెబ్బతిన్న వీడియోలు ఎదురైనప్పుడు ఈ చదవడం కొన్నిసార్లు ఓ పట్టాన ముగియదు. అందువల్ల ముందుగా ఆల్ట్, పి మీటలు కలిపి నొక్కి ప్రివ్యూ పేన్‌ను మూసివేయండి. తరువాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలతో టాస్క్ మేనేజర్‌ను తెరిచి, అందులో విండోస్ ఎక్స్‌ప్లోరర్‌ను ఎంచుకుని రీస్టార్ట్ నొక్కండి. ఒక్క క్షణం టాస్క్‌బార్ మాయమై మళ్ళీ వస్తుంది, కంగారు పడనక్కరలేదు. ఆ వెంటనే, ఫైల్ మీద ఇతరత్రా క్లిక్ చేయకుండా, తొలగించి చూడండి.

అప్పటికీ కాకపోతే పట్టుకున్నవారి పేరు కనిపెట్టాలి. స్టార్ట్ మెనూలో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరవండి. అందులోని సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ అనే భాగం ఉంటుంది. అక్కడి వెతుకుడు పెట్టెలో ఫైల్ పేరులోని కొంత భాగం టైప్ చేస్తే, దాన్ని తెరిచి ఉంచిన ప్రోగ్రామ్ పేరు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో ఫైల్ లాక్‌స్మిత్ అనే సాధనం ఇదే పనిని రైట్ క్లిక్‌తో చేసిపెడుతుంది. పేరు తెలిశాక ఆ ప్రోగ్రామ్‌ను దాని మెనూ నుంచే మామూలుగా మూసివేయండి. ఎండ్ టాస్క్ నొక్కితే అందులో సేవ్ చేయని పని ఏదైనా ఉంటే పోతుంది. సిస్టమ్ అనే పేరు కనిపిస్తే మాత్రం దాన్ని ఆపడానికి ప్రయత్నించకండి. ఏదో డ్రైవర్ (పరికరాలను విండోస్‌తో కలిపి నడిపించే ప్రోగ్రామ్) ఆ ఫైల్‌ను పట్టుకుని ఉండవచ్చు, లేదా మీ ఫోల్డర్ నెట్‌వర్క్‌లో షేర్ అయి ఉండి మరో కంప్యూటర్ దాన్ని తెరిచి ఉండవచ్చు. రెండోదే అయితే కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లోని షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ జాబితాలో ఆ సంగతి తేలిపోతుంది.

షట్ డౌన్ చేసినా ఫలితం లేదన్నారు. ఇది చాలామందిని తికమక పెట్టే విషయం. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది పనిచేస్తున్నప్పుడు, షట్ డౌన్ చేస్తే మీరు తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి కానీ విండోస్‌కు మూలమైన కెర్నెల్ అనే భాగం, డ్రైవర్లు, వెనుక నడిచే సేవలు ఉన్న స్థితిలోనే డిస్క్ మీద భద్రమై, ఉదయం అదే స్థితిలో తిరిగి లేస్తాయి. పూర్తిగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్ చేసినప్పుడే. కనుక ఒకసారి రీస్టార్ట్ చేయండి. లాగిన్ కాగానే తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాములు అడ్డు వస్తున్నాయనిపిస్తే అత్యవసరమైనవి మాత్రమే నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి తొలగించండి. ఇంత చేసినా లొంగని వీడియో అరుదు.

బలవంతపు సాఫ్ట్‌వేర్ గురించి ఇంకొక మాట. అటువంటి వాటికి అడ్మినిస్ట్రేటర్ అధికారం అప్పగించాల్సి ఉంటుంది. ఒక్క ఫైల్ కోసం, ఎవరు తయారు చేశారో తెలియని ప్రోగ్రామ్‌కు మొత్తం కంప్యూటర్ మీద అధికారం ఇవ్వడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

ప్రశ్న: పాత కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్‌ను కొత్తదానికి తగిలించాను. నాకు అడ్మినిస్ట్రేటర్ అధికారం ఉంది, యూజర్ పేరు కూడా పాతదే. అయినా కొన్ని ఫోల్డర్లను తొలగించబోతే అనుమతి లేదంటోంది. ఎందుకు?

జవాబు: విండోస్ మిమ్మల్ని గుర్తుపట్టేది పేరుతో కాదు. ప్రతి ఖాతాకూ ఒక పొడవాటి గుర్తింపు సంఖ్య ఉంటుంది; ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్ మీద యజమానిగా నమోదయ్యేది ఆ సంఖ్యే. పాత ఖాతా సంఖ్య వేరు, కొత్త ఖాతా సంఖ్య వేరు. పేర్లు ఒకటే అయినా కొత్త కంప్యూటర్ దృష్టిలో మీరు పరాయివారు.

ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అందులో అడ్వాన్స్‌డ్ తెరవండి. ఓనర్ అన్న చోట ఛేంజ్ నొక్కి మీ ఖాతా పేరు ఇవ్వండి; లోపలి ఫోల్డర్లకూ ఫైళ్లకూ యజమానిని మార్చమనే గడిలో టిక్ పెట్టడం మరవకండి. యజమాని కావడంతోనే పని అయిపోదు. అడ్వాన్స్‌డ్ కిటికీని మూసి మళ్ళీ తెరిచి, మీ ఖాతాకు ఫుల్ కంట్రోల్ అనుమతిని చేర్చాలి. అప్పుడు తొలగించగలుగుతారు.

ఆ పాత డిస్క్‌లోని విండోస్ ఫోల్డర్‌లో చాలా ఫైళ్లకు యజమానిగా ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనే పేరు కనిపిస్తుంది. పాత డిస్క్ నుంచి ఆ విండోస్‌ను ఇక ఎప్పుడూ నడపబోరు కనుక వాటిని తొలగించినా నష్టం లేదు. ప్రస్తుతం నడుస్తున్న విండోస్‌లో అదే పేరు కనిపిస్తే మాత్రం దాని జోలికి పోవద్దు. అడ్మినిస్ట్రేటర్ల చేతి నుంచి కూడా సిస్టమ్ ఫైళ్లను కాపాడడానికే ఆ యజమానిని పెట్టారు.

ప్రశ్న: వేరేచోటి నుంచి కాపీ చేసుకున్న ఒక ఫైల్ కళ్ళెదుట కనిపిస్తోంది. తొలగించబోతే మాత్రం ఆ ఫైల్ అక్కడ లేదంటోంది. ఇదెలా సాధ్యం?

జవాబు: మొదట ఎఫ్5 నొక్కి ఫోల్డర్‌ను రిఫ్రెష్ చేయండి. ఎప్పుడో పోయిన ఫైల్‌నే ఎక్స్‌ప్లోరర్ ఇంకా చూపిస్తూ ఉండవచ్చు. అప్పటికీ కనిపిస్తే పేరు చివర పరీక్షగా చూడండి: చుక్క గానీ, కంటికి కనిపించని ఖాళీ గానీ ఉండవచ్చు. లినక్స్, మ్యాక్ వంటి వ్యవస్థలలో అలాంటి పేర్లు చెల్లుతాయి. విండోస్ మాత్రం మీరిచ్చిన పేరులో చివరి చుక్కనూ ఖాళీనీ కత్తిరించి, మిగిలిన పేరుతో వెతుకుతుంది. ఆ పేరుతో ఫైల్ లేదు కాబట్టి లేదనే చెబుతుంది.

ఈ కత్తిరింపును ఆపడానికి దారి ఉంది. ఆజ్ఞలను టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ కిటికీలో డెల్ (del) ఆజ్ఞ ఇచ్చేటప్పుడు, డ్రైవ్ అక్షరంతో మొదలై ఫోల్డర్ల మీదుగా ఫైల్ పేరు వరకు సాగే పూర్తి పాత్‌కు ముందు \\?\ అనే నాలుగు గుర్తులు చేర్చి, మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య ఉంచండి. అప్పుడు విండోస్ పేరును ఏమాత్రం సవరించకుండా ఉన్నదున్నట్లు తీసుకుంటుంది. విండోస్‌కు ముందటి డాస్ వ్యవస్థ కాలం నుంచి పరికరాలకు కేటాయించిన కాన్, నల్, ఆక్స్, పీఆర్ఎన్ వంటి పేర్లతో ఏర్పడిన ఫైళ్లు కూడా ఈ పద్ధతికే లొంగుతాయి.

పాత్ మరీ పొడవుగా ఉందనే సందేశం వస్తే కారణం వేరు. డ్రైవ్ అక్షరం నుంచి ఫైల్ పేరు వరకు అంతా కలిపి 260 అక్షరాలు అనే పాత హద్దు ఒకటి ఉంది. 2016లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1607 నుంచి ఆ హద్దును సడలించే సెట్టింగ్ ఉన్నా, ప్రోగ్రాములన్నీ దాన్ని పాటించవు. పై ఫోల్డర్ల పేర్లను ఒక్కొక్క అక్షరానికి కుదించండి. పాత్ పొట్టిదైపోయి ఫైల్ మామూలుగానే తొలగిపోతుంది.

ప్రశ్న: మెమరీ కార్డ్‌లోని ఫైళ్లేవీ తొలగించలేకపోతున్నాను. రైట్ ప్రొటెక్టెడ్, అంటే అందులో రాయడానికి వీల్లేదు, అంటోంది.

జవాబు: ఎస్‌డీ కార్డ్ అయితే పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు నుంచి పైకి జరపండి. మీట సరిగానే ఉండి, ఏ కంప్యూటర్‌లో పెట్టినా ఇదే సందేశం వస్తుంటే కార్డ్ ఆయువు తీరుతోందని అనుమానించాలి. అరిగిపోయిన ఫ్లాష్ మెమరీలో కొన్ని, ఉన్న డేటా పోకుండా చదవడానికి మాత్రమే వీలిచ్చే స్థితిలోకి వెళతాయి. ఇప్పుడు చేయవలసింది తొలగించడం కాదు. అందులో ఉన్నదంతా ఈరోజే వేరేచోటికి కాపీ చేసుకోండి.

ప్రశ్న: లినక్స్ సర్వర్‌లో పెద్ద లాగ్ ఫైల్‌ను (ప్రోగ్రాములు తమ పనులను నమోదు చేసే ఫైల్) తొలగించాను. ఫైల్ పోయింది కానీ డిస్క్‌లో ఖాళీ ఏమాత్రం పెరగలేదు.

జవాబు: మొదటి ప్రశ్నలోని ఇబ్బందే ఇక్కడ మరో రూపంలో ఎదురైంది. వాడుకలో ఉన్న ఫైల్‌ను తొలగించడానికి లినక్స్ అడ్డు చెప్పదు. మీరు తొలగించేది డైరెక్టరీలోని పేరును మాత్రమే. దాన్ని తెరిచి ఉంచిన ప్రోగ్రామ్ మూసేవరకు లోపలి డేటా డిస్క్ మీదే ఉంటుంది. తెరిచి ఉన్న ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్ఓఎఫ్ (lsof) ఆజ్ఞ ఇచ్చి, పేరు పక్కన డిలీటెడ్ అని ఉన్న వరుసలను వెతికితే ఆ ప్రోగ్రామ్ ఏదో తెలుస్తుంది. దాన్ని రీస్టార్ట్ చేయగానే ఖాళీ తిరిగి వస్తుంది. నడుస్తున్న సర్వర్‌ను ఆపడం కుదరని చోట, ఇకముందు లాగ్ ఫైల్‌ను తొలగించకుండా ట్రంకేట్ ఆజ్ఞతో దాని పరిమాణాన్ని సున్నా చేయండి.