డబుల్స్ ఆడే అమ్మాయి కోసం ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 23 ఏళ్లు. ఐదేళ్లుగా అంతర్జాతీయ టెన్నిస్ టోర్నీలు ఆడుతోంది. సింగిల్స్ ర్యాంకు 600 దగ్గరే ఆగిపోయింది కానీ డబుల్స్‌లో 240కి చేరింది. ఇకపై డబుల్స్ మాత్రమే ఆడతానంటోంది. నిరుడు ప్రైజ్ మనీ 6.5 లక్షలు వస్తే ఖర్చు 20 లక్షలైంది. మావారు రెండేళ్లలో ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరవుతారు, పింఛను 48 వేల దాకా రావచ్చు. బాబు ఇంటర్ రెండో సంవత్సరం. ఎఫ్‌డీలు, మ్యూచువల్ ఫండ్లు కలిపి 34 లక్షలున్నాయి. మా ఫ్లాటు మీద పదేళ్ల గడువుతో, 10 శాతం వడ్డీకి 40 లక్షలు ఇస్తామని బ్యాంకు అంటోంది. సానియా మీర్జా డబుల్స్‌కు మారాకే నంబర్ వన్ అయిందని అమ్మాయి వాదన. రుణం తీసుకోవచ్చా?
– ఒక తల్లి, హైదరాబాద్

సమాధానం: అమ్మా, ఇంటి మీద రుణం తీసుకోకండి. అలాగని అమ్మాయిని ఆట మాన్పించమని నేను చెప్పడం లేదు. 23 ఏళ్ల వయసులో ప్రపంచ డబుల్స్ ర్యాంకు 240 అంటే అది ఏళ్ల శ్రమకు వచ్చిన ఫలితం, దాన్ని మధ్యలో వదిలేస్తే ఇంతవరకు పెట్టిన డబ్బు కంటే ఎక్కువే పోగొట్టుకున్నట్లు. ఆ శ్రమకు ఎంత డబ్బు పెట్టాలి, ఎంతకాలం పెట్టాలి, ఎక్కడ ఆపాలి అనేవి ఇప్పుడే తేల్చుకోవాలి.

ముందు రుణం సంగతి. 40 లక్షలకు 10 శాతం వడ్డీ, పదేళ్ల గడువు అంటే నెలవారీ వాయిదా దాదాపు 52,860 రూపాయలు. మీవారి పింఛను 48 వేలు. రెండేళ్ల తర్వాత ప్రతి నెలా పింఛను మొత్తం కట్టినా వాయిదా తీరదు, ఇంటి ఖర్చుకు ఒక్క రూపాయి మిగలదు. పదేళ్లలో కట్టే వడ్డీయే 23 లక్షలు దాటుతుంది. వ్యాపారం కోసం చేసిన అప్పుకు ఎదురుగా కనీసం సరుకో, యంత్రమో ఉంటుంది. ఇక్కడ అప్పుకు ఎదురుగా ఉన్నది మీ అమ్మాయి మణికట్టు, మోకాలు మాత్రమే. ఆ భారం ఆమె మీద పెట్టి కోర్టులోకి పంపడం ఆటకు కూడా మంచిది కాదని నా నమ్మకం.

ఇక డబుల్స్‌లో డబ్బు ఎలా వస్తుందో ఇంట్లో అందరూ తెలుసుకోవాలి. 2025 వింబుల్డన్‌లో మహిళల సింగిల్స్ విజేతకు 30 లక్షల పౌండ్లు ఇస్తే, డబుల్స్ గెలిచిన జోడీకి 6.8 లక్షల పౌండ్లు ఇచ్చారు. దాన్ని ఇద్దరూ పంచుకుంటే ఒక్కొక్కరికి వచ్చింది సింగిల్స్ విజేత మొత్తంలో దాదాపు తొమ్మిదో వంతు. తొలి రౌండులో ఓడినవారి లెక్క కూడా ఇంచుమించు ఇంతే: సింగిల్స్‌లో 66 వేలు, డబుల్స్ జోడీకి 16,500, అంటే మనిషికి 8,250 పౌండ్లు. పురుషులకు, మహిళలకు సమాన బహుమతి 2007 నుంచే వింబుల్డన్‌లో ఉంది కాబట్టి ఈ తేడా ఆడ, మగ తేడా కాదు, సింగిల్స్, డబుల్స్ తేడా. మీ అమ్మాయి ఇప్పుడు ఆడుతున్న కింది మెట్టులో పరిస్థితి మరీ ఇరుకు. డబ్ల్యూ15 టోర్నీ అంటే సింగిల్స్, డబుల్స్ ఆడేవారందరికీ కలిపి పంచే మొత్తమే 15 వేల డాలర్లు. అందులో డబుల్స్ వాటా చిన్నది, అదీ ఇద్దరి మధ్య చీలుతుంది. అందువల్ల ఆమె టోర్నీలు గెలుస్తున్నా మీకు నష్టమే కనిపించడంలో ఆమె తప్పేమీ లేదు.

సానియా మీర్జా ఉదాహరణ స్ఫూర్తికి మంచిదే, లెక్కకు మాత్రం పనికిరాదు. ఆమె 2003లో ప్రొఫెషనల్‌గా మారారు, 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు చేరారు. మణికట్టు గాయం, 2008లో శస్త్రచికిత్స, ఆ తర్వాతి ఇబ్బందులు దాటి 2013లో సింగిల్స్ మానుకునేనాటికే ఆమెకు దేశమంతటా పేరు, ప్రకటనల ఆదాయం, మిక్స్‌డ్ డబుల్స్‌లో రెండు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు ఉన్నాయి. 2015 ఏప్రిల్‌లో డబుల్స్ నంబర్ వన్ అయ్యేనాటికి ఆమెకు అప్పుల వాయిదాల బెంగ ఉండే స్థితి కాదు. మీ అమ్మాయి సింగిల్స్‌లో పేరు రాకముందే డబుల్స్‌కు మారుతోంది. ఆ దారి తప్పేమీ కాదు గానీ, ఆ దారిలో మొదటి ఏళ్ల ఖర్చు ఎవరో ఒకరు మోయాలి.

అదే ఉదాహరణలో డబ్బుకు సంబంధించిన ఇంకో విషయం ఉంది. స్విట్జర్లాండ్ క్రీడాకారిణి మార్టినా హింగిస్‌తో కలిసి సానియా వరుసగా మూడు గ్రాండ్‌స్లామ్‌లు, వరుసగా 41 మ్యాచ్‌లు గెలిచారు. అంతటి జోడీ కూడా 2015లో మొదలై 2016 ఆగస్టులో విడిపోయింది. డబుల్స్‌లో భాగస్వామి మారినప్పుడల్లా ఆదాయం మారుతుంది, ఎందుకంటే పెద్ద టోర్నీల డ్రాలోకి, అంటే ఆడే జోడీల జాబితాలోకి రావడానికి ఇద్దరి ర్యాంకులూ కలిపి చూస్తారు. పైగా సింగిల్స్‌లో మంచి ర్యాంకు ఉన్న క్రీడాకారిణులు ఆ ర్యాంకు చూపించి కూడా డబుల్స్ డ్రాలోకి వస్తారు. గ్రాండ్‌స్లామ్ మహిళల డబుల్స్‌లో ఉండేవి 64 జోడీలు. అక్కడికి నేరుగా చేరాలంటే ఇద్దరూ దాదాపు తొలి 100లో ఉండాలి. నేను ఆదాయం లెక్క వేసేటప్పుడు ఆ గీతనే చూస్తాను. అది దాటితే ఒక్క ఏడాదిలో నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల తొలి రౌండు డబ్బే ఖర్చులో పెద్ద భాగాన్ని మోస్తుంది. దాటకపోతే ఇంటి నుంచి పంపుతూనే ఉండాలి.

డబుల్స్‌కు అనుకూలమైన సంగతులూ రెండున్నాయి. మొదటిది వయసు. పూర్తి మూడో సెట్టు స్థానంలో పది పాయింట్లకే తేల్చేసే టైబ్రేక్ ఉండే టోర్నీలే ఎక్కువ కాబట్టి శరీరం ఎక్కువ కాలం నిలుస్తుంది. సానియా 36 ఏళ్ల దాకా ఆడారు. పురుషుల్లో రోహన్ బోపన్న 2024లో 43 ఏళ్ల వయసులో నంబర్ వన్ అయ్యారు. రెండోది ర్యాంకు లెక్క. మహిళల డబుల్స్ ర్యాంకుకు గడిచిన 52 వారాల్లోని 12 మంచి ఫలితాలే లెక్కలోకి వస్తాయి. అందుకని ఏడాదికి ముప్పై వారాలు విమానాలెక్కనవసరం లేదు. 22 వారాలు చాలు. దేశంలో జరిగే టోర్నీలు ముందు, ఆ తర్వాత ఒకే ప్రాంతంలో వరుసగా మూడు నాలుగు వారాలు ఉండే టోర్నీలు ఎంచుకోండి. భాగస్వామితో గది, శిక్షకుడి ఖర్చు పంచుకుంటే వారానికి సగటున 65 వేలకు దించవచ్చని నా అంచనా. అంటే టోర్నీలకు 14.3 లక్షలు, ఇంటి దగ్గర సాధనకు 3 లక్షలు, మొత్తం 17.3 లక్షలు. నిరుటి ఆదాయమే వచ్చినా లోటు ఏడాదికి 10.8 లక్షలు, ఏడాదిన్నరకు 16 లక్షల పైచిలుకు.

మీ 34 లక్షలను ఇలా విడదీయండి. బాబు చదువుకు 8 లక్షలు, ఇంటి అత్యవసరాలకు 6 లక్షలు పక్కన పెట్టండి, వీటిని ఎవరూ తాకకూడదు. 4 లక్షలు అమ్మాయి గాయాలకు, ఫిజియోకు ఉంచండి. మిగిలిన 16 లక్షలు ఆమె ఆటకు. ఈ డబ్బును షేర్ల ఫండ్లలో ఉంచవద్దు, ఏడాదిన్నరలో ఖర్చయ్యే సొమ్ము ఎఫ్‌డీలోనో లిక్విడ్ ఫండ్‌లోనో ఉండాలి. మీవారి గ్రాట్యుటీ, సెలవుల సొమ్ము ఈ లెక్కలోకి రాకూడదు, అవి మీ ఇద్దరి వృద్ధాప్యానికి.

16 లక్షలకు షరతు కూడా అమ్మాయితో కూర్చుని కాగితం మీద రాసుకోండి: ఏడాదిన్నరలో డబుల్స్ ర్యాంకు 150 లోపు రావాలి. వస్తే ఆదాయం పెరిగి ఉంటుంది, అప్పుడు కొత్త లెక్క వేద్దాం. రాకపోతే ఇంటి నుంచి డబ్బు ఆగుతుంది. ఆటంటే ఇష్టం ఉన్నంతకాలం ఆమె సొంత సంపాదనతో ఆడుకోవచ్చు. గాయంతో పోయిన నెలలను మాత్రం గడువుకు కలపండి. ఈ మాట పెద్దవాళ్లు ఆజ్ఞలా చెప్పకుండా ఆమె చేతే తారీఖు రాయించండి. ఇరవై మూడేళ్ల పిల్లకు ఇంటి డబ్బు లెక్క తెలియడం శిక్ష కాదు, గౌరవం.

పన్నుల విషయంలో చాలా కుటుంబాలు నష్టపోతున్నది ఇక్కడే కాబట్టి కొంచెం విపులంగా చెబుతాను. ఖర్చులు మీ కార్డు మీద, మీవారి ఖాతా నుంచి పెట్టడం ఆపండి. తల్లిదండ్రులు కూతురికిచ్చే డబ్బుకు ఆమె పన్ను కట్టనక్కరలేదు. అందుకే ముందు ఆమె ఖాతాకు బదిలీ చేయండి, టికెట్లు, హోటళ్లు, శిక్షకుడి రుసుము అన్నీ ఆ ఖాతా నుంచే కట్టించండి, రసీదులు దాచండి. అప్పుడు అవి ఆమె వృత్తి ఖర్చులవుతాయి. ఒకే రోజు ఒకరికి 10 వేలకు మించి నగదుగా ఇస్తే ఆ ఖర్చును లెక్కలోకి తీసుకోరు. గడువులోగా రిటర్ను వేస్తే ఈ ఏళ్ల నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి, రేపు వచ్చే ప్రైజ్ మనీ నుంచి తగ్గించుకోవచ్చు. ఆదాయం తక్కువ కదా అని రిటర్ను మానేసినవారికి ఈ అవకాశం పోతుంది.

విదేశాల్లో ప్రైజ్ మనీ నుంచి అక్కడే పన్ను కోస్తారు, అమెరికాలో సాధారణంగా 30 శాతం. ఆమె భారత నివాసి అయినంతకాలం ఆ ఆదాయం ఇక్కడా చూపాలి. అక్కడ కట్టినదానికి ఇక్కడ మినహాయింపు ఉంటుంది గానీ, అది ఇక్కడ కట్టాల్సిన పన్నును మించదు. ఇక్కడ పన్నే లేని ఏడాదిలో దాని వల్ల ఉపయోగం ఉండదు కాబట్టి, అమెరికాలో రిటర్ను వేసి ఖర్చులు చూపించి వాపసు అడగడం మేలు. విదేశంలో బ్యాంకు ఖాతా తెరిస్తే రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో చూపాల్సిందే, చూపకపోతే జరిమానా 10 లక్షల దాకా ఉండవచ్చు.

బీమా పాలసీ కొనేముందు మినహాయింపుల పేజీ చదవండి. వ్యక్తిగత ప్రమాద పాలసీలు చాలావాటిలో వృత్తిగా ఆడే క్రీడలో తగిలిన గాయానికి పరిహారం ఉండదు. వృత్తి క్రీడాకారిణి అని ప్రతిపాదన పత్రంలో స్పష్టంగా రాసి, ఆ గాయాలు వర్తిస్తాయో లేదో కంపెనీ నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. దాచి తీసుకున్న పాలసీ అవసరానికి అక్కరకు రాదు.

క్రీడల కోటా ఉద్యోగాలకు ఇప్పుడే దరఖాస్తు చేయించండి. రైల్వేలు, ప్రభుత్వరంగ సంస్థలు క్రీడాకారులను తీసుకుని టోర్నీలకు సెలవిస్తాయి. జాతీయ స్థాయి పతకాలు, ప్రస్తుత ర్యాంకు ఉన్నప్పుడే ఆ తలుపు తెరిచి ఉంటుంది, వయోపరిమితి దాటాక కాదు. నెలజీతం ఒకటి చేతికొస్తే పైన చెప్పిన 10.8 లక్షల లోటు సగానికి సగం తగ్గవచ్చు, 16 లక్షలు ఏడాదిన్నరకు బదులు మూడేళ్లు నడుస్తాయి. ఉద్యోగంలో చేరితే ఆట పోతుందని ఆమె భయపడుతుండవచ్చు. సెలవుల నిబంధనలు ముందే అడిగి తెలుసుకోమనండి.

బ్యాంకువారు ప్రాసెసింగ్ ఫీజు అడిగేలోపే రుణం వద్దని చెప్పండి. నిరుడు ఏ వారం ఏ టోర్నీకి ఎంత ఖర్చైందో, ఎంత వచ్చిందో అమ్మాయి చేత ఒక పట్టిక రాయించి పంపితే, 22 వారాల్లో ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో లెక్క చూసి చెబుతాను.