హషిమోటో ఉంటే థైరాయిడ్ క్యాన్సర్ వచ్చేస్తుందా?

మీ అమ్మగారికి హషిమోటో (థైరాయిడ్ గ్రంథికి వచ్చే దీర్ఘకాలపు వాపు జబ్బు) అని తేలిందనీ, రక్తపరీక్షలో యాంటీ టీపీఓ అనే యాంటీబాడీల అంకె 600 దాటిందనీ, అది క్యాన్సర్‌గా మారుతుందేమోనని భయంగా ఉందనీ రాశారు. ముందు ఆ 600ని పక్కన పెట్టండి. ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత థైరాయిడ్ మీదే తిరగబడిందని తప్ప ఆ అంకె ఇంకేమీ చెప్పదు. చూడాల్సింది అమ్మగారి మెడ.

మా పిన్నికి చాలా ఏళ్లుగా ఇదే జబ్బు. ఓ పెళ్లిలో ఆమె మెడలో హారం సర్దుతుంటే మా అమ్మ వేలికి ఎడమ పక్క చిన్న గట్టి గడ్డ తగిలింది. విజయవాడ తీసుకెళ్లాం. సర్జన్ గారు స్కానింగ్ కాగితాలు అడగకుండా ముందు గ్లాసుతో నీళ్లిచ్చి, "నోట్లో పట్టుకోండమ్మా, నేను చెప్పినప్పుడు మింగండి" అన్నారు. పిన్ని గుటక వేయగానే ఆ గడ్డ చర్మం కింద పైకి లేచి మళ్లీ దిగింది. పక్కనున్న మాకు కూడా కనిపించింది. గుటకతో పాటు కదిలింది కాబట్టి థైరాయిడ్‌దేనన్నారు. తర్వాత స్కానింగ్, సన్న సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూసే సూది పరీక్ష. మెడకి దూది నొక్కిపట్టుకుని బయటికొచ్చి "చీమ కుట్టినట్టుంది, అంతే" అంది పిన్ని. ఆపరేషన్ అయ్యాక బయాప్సీ రిపోర్టులో రెండు పేర్లూ పక్కపక్కనే ఉన్నాయి: పాపిల్లరీ కార్సినోమా అంటే ఒక రకం థైరాయిడ్ క్యాన్సర్, చుట్టూ లింఫోసైటిక్ థైరాయిడైటిస్. రెండోది హషిమోటోయే.

"ఇన్నేళ్ల వాపే ముదిరి ఇలా అయిందా సార్?" అని బాబాయి అడిగాడు. "అలా తేల్చి చెప్పలేమండీ. కోసి తీసిన గ్రంథుల్లో ఈ రెండూ కలిసి కనబడటం మాకు మామూలే" అన్నారాయన.

ఆ మాట పట్టుకుని నేను చాలా చదివాను. జపాన్ డాక్టర్ హకారు హషిమోటో నలుగురు ఆడవాళ్ల థైరాయిడ్‌లో తెల్లరక్తకణాలు గుమిగూడటం చూసి 1912లో రాశారు. దీనికీ క్యాన్సర్‌కీ లంకె ఉందని డెయిలీ అనే డాక్టర్ బృందం 1955లో అంది. అప్పటి నుంచీ వాదన నడుస్తూనే ఉంది. ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లనే లెక్కేస్తే లంకె గట్టిగా కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్లు ముందే అనుమానం ఉన్నవాళ్లు. సూది పరీక్ష చేయించుకున్న అందరినీ తీసుకుంటే పలచబడిపోతుంది. పైగా హషిమోటోతో పాటు వచ్చిన పాపిల్లరీ క్యాన్సర్ లింఫ్ గ్రంథులకు పాకడం తక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. గ్రంథిని తినే ఆ కణాలే క్యాన్సర్‌ని కూడా అదుపులో పెడతాయని నా గట్టి నమ్మకం. పిన్నికి ఎక్కడికీ పాకలేదు.

హషిమోటోతో నిజంగా గట్టి లంకె ఉన్నది థైరాయిడ్ లింఫోమాకి, అంటే గ్రంథిలోని ఆ తెల్లరక్తకణాలకే వచ్చే క్యాన్సర్‌కి. అది చాలా అరుదు. పెద్ద వయసు వాళ్లలో గ్రంథి కొద్ది వారాల్లోనే గబగబా పెరిగినా, గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా ఒక్కరోజు కూడా ఆగకండి.

నాకు మండేది వేరే విషయం. ఏ గడ్డా లేనివాళ్లకు కూడా ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీలో మెడ స్కానింగ్ కలిపేస్తున్నారు. దక్షిణ కొరియాలో ఇలాగే అందరికీ చేస్తే, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కేసులు 1993 కంటే 15 రెట్లయ్యాయి. చావులు మాత్రం అంతే ఉన్నాయి. అంటే ఎందరో ఊరికే గ్రంథి తీయించుకుని జీవితాంతం మాత్రలు మింగుతున్నారు. కొందరికి కాల్షియం పడిపోయి వేళ్లు తిమ్మిర్లెక్కుతాయి. జపాన్‌లోని కోబె నగరంలో కుమా హాస్పిటల్ వాళ్లు 1 సెంటీమీటరు లోపు పాపిల్లరీ గడ్డల్ని కోయకుండా కనిపెట్టుకుని ఉండటం 1993లోనే మొదలుపెట్టారు. మన దగ్గర ఆ మాట చెప్పే ఓపిక ఎవరికుంది? చుట్టాలేమో క్యాబేజీ మానేయమనీ, థైరాయిడ్ మాత్ర ఆపేసి ఏదో పొడి వాడమనీ చెబుతారు. మాత్ర మాత్రం ఆపనివ్వకండి. పరగడుపున మంచినీళ్లతో వేసుకోవాలి, కాఫీతో కాదు.

అమ్మగారి మెడలో గడ్డేదైనా తగిలితే, లేదా డాక్టర్‌కి అనుమానం వస్తే స్కానింగ్ చేయించండి. చాలా రిపోర్టుల్లో టైరాడ్స్ అని, గడ్డ ఎంత అనుమానంగా కనబడుతోందో చెప్పే ఒక అంకె ఉంటుంది. సూది పరీక్ష కావాలో వద్దో గడ్డ సైజుతో పాటు ఆ అంకె చూసే చెబుతారు. ఈసారి యాంటీ టీపీఓ బదులు అది ఎంతుందో రాయండి.