బీడీఎస్ చేసిన అమ్మాయి క్లినికల్ రీసెర్చ్‌కు పోతానంటే

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా అమ్మాయి బీడీఎస్, ఇంటర్న్‌షిప్ పూర్తి చేసింది. హన్మకొండలో చిన్న క్లినిక్ పెట్టిద్దామనుకున్నాం. తనేమో పేషెంట్లతో చేసే వైద్య పరిశోధన, అంటే క్లినికల్ రీసెర్చ్‌లోకి పోతానంటోంది. పోయిన ఏడాది నాకు నడుము ఆపరేషన్ అయితే, ఏ రోజు ఎంత నొప్పి ఉంది, ఎంతదూరం నడిచాను అని అన్నీ నోట్‌బుక్‌లో రాసేది. మా కోడలికి ఇప్పుడు ఐదో నెల. చిగుళ్ళ నుంచి రక్తం కారుతోంది. ‘కాన్పు అయినంక చూపించుకుందువు’ అని అందరూ అంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. ఇట్లాంటి వాటి మీదే పని చేస్తానంటోంది. పళ్ళ డాక్టర్‌కు నడుము ఆపరేషన్లతో ఏం పని? హైదరాబాద్‌లో ఒక సంస్థ ఆరు నెలల కోర్సుకు 1,20,000 రూపాయలు అడుగుతోంది, ఉద్యోగం గ్యారంటీ అంటోంది. ఈ నెలాఖరే గడువు. మందుల ప్రయోగాలంటే మాకు భయం కూడా ఉంది. పైగా సంబంధాలు చూస్తున్నాం. క్లినిక్ లేని డాక్టర్ అంటే నలుగురు ఏమంటారో.
– ఒక తండ్రి, వరంగల్ జిల్లా

జవాబు: అన్నా, గడువు దగ్గర పడింది కాబట్టి ముందు డబ్బు సంగతి. ఆ 1,20,000 కట్టకండి. అమీర్‌పేటలో, ఆన్‌లైన్‌లో ఇట్లాంటి కోర్సులు చాలా ఉన్నాయి. అన్నీ మోసమని అనను, కొన్నిచోట్ల పాఠం బాగానే చెప్తారు. కానీ ఉద్యోగం ఇచ్చేది కంపెనీ, కోర్సు నడిపేవాళ్ళు కాదు. అందుకే గ్యారంటీ మాట నేను నమ్మను. పోయిన బ్యాచ్‌లో బీడీఎస్ చదివి చేరినవాళ్ళు ఇప్పుడెక్కడ, ఏ హోదాలో పనిచేస్తున్నారో ఇద్దరు ముగ్గురి నంబర్లు ఇవ్వమనండి. ఇవ్వకుండా సీట్లు అయిపోతున్నాయని తొందరపెడితే మీకు జవాబు దొరికినట్టే.

ఆ కోర్సులో చెప్పేదాంట్లో చాలాభాగం ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. చెన్నైలోని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఎపిడెమియాలజీ సంస్థ ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఎల్‌లో హెల్త్ రీసెర్చ్ ఫండమెంటల్స్ అనే కోర్సు నడుపుతోంది. పాఠాలు ఉచితం, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటే కొద్దిగా ఫీజు ఉంటుంది. ‘గుడ్ క్లినికల్ ప్రాక్టీస్’ (ట్రయల్స్ ఎట్లా జరపాలో చెప్పే నియమాలు, జీసీపీ అంటారు) శిక్షణ కూడా ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంటర్వ్యూల్లో దాని గురించి అడుగుతుంటారు. ఈ రెండూ పూర్తిచేసేసరికి ఈ పని తనకు నచ్చుతుందో లేదో అమ్మాయికే తెలిసిపోతుంది.

ఇక పళ్ళ డాక్టర్‌కు నడుముతో ఏం పని అన్నారు. రెండు జవాబులున్నాయి. ఒకటి వైద్యపరమైనది. వెన్నెముకలో స్క్రూలు, రాడ్లు పెట్టే ముందు పళ్ళలో చీము ఉందేమో చూపించుకు రమ్మనే సర్జన్లు ఉన్నారు. నోటి బ్యాక్టీరియా రక్తంలో కలిసి వెన్ను డిస్కుకు ఇన్ఫెక్షన్ తేవడం అరుదే గానీ, లేనిది కాదు. రెండోది అంతకంటే ముఖ్యం. క్లినికల్ రీసెర్చ్‌లో పని శరీర భాగాన్ని బట్టి విడిపోదు. పేషెంట్‌కు అధ్యయనం అర్థమయ్యేలా చెప్పి, ఇష్టమైతేనే అనుమతి తీసుకోవడం, ఒకే ప్రశ్నను ప్రతిసారీ ఒకే తీరుగా అడగడం, ఆర్నెల్లకో ఏడాదికో మళ్ళీ ఆ మనిషిని వెతికి పట్టుకోవడం, విన్నది విన్నట్టు రాయడం. చిగుళ్ళయినా నడుమైనా ఈ పని ఒకటే. ఇది చేతనైనవాళ్ళు మన ప్రాంతంలో తక్కువ. నేను మీ అమ్మాయి వైపు మొగ్గేది అందుకే.

చిగుళ్ళ సంగతే తీసుకుందాం. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల చిగుళ్ళు త్వరగా వాస్తాయి, రక్తం వస్తుంది. 1996లో అమెరికాలో ఒక అధ్యయనం, చిగుళ్ళ జబ్బు బాగా ముదిరిన తల్లులకు నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పిల్లలు పుట్టడం ఎక్కువగా కనిపిస్తోందని చెప్పింది. వినగానే ఎవరికైనా అనిపించేది ఒకటే: చిగుళ్ళకు వైద్యం చేస్తే బిడ్డ నెలలు నిండి పుడుతుంది కదా! పదేళ్ళ తర్వాత, 2006లో, 823 మంది గర్భిణులతో దాన్ని పరీక్షించారు. లాటరీ పద్ధతిలో సగం మందికి 21 వారాల లోపే చిగుళ్ళ వైద్యం చేశారు, మిగతావాళ్ళకు కాన్పు తర్వాత చేశారు. 37 వారాలు నిండకుండా కాన్పైనవాళ్ళు వైద్యం అందిన గుంపులో 12 శాతం, అందనివాళ్ళలో 12.8 శాతం. అంటే తేడా లేనట్టే. 2009లో ఇంకా పెద్ద అధ్యయనంలోనూ అంతే తేలింది.

ఇది చదివి, ‘మరి ఇంత శ్రమ వృథాయేనా’ అని అడిగే పిల్లలుంటారు. కాదమ్మా, కానే కాదు. ఆ 2006 అధ్యయనమే ఇంకో మాట కూడా తేల్చింది: గర్భంతో ఉండగా చిగుళ్ళకు వైద్యం చేస్తే తల్లికీ బిడ్డకూ హాని కలగలేదు, చిగుళ్ళు బాగుపడ్డాయి. ‘కాన్పు అయినంక’ అనే మాటకు గట్టి జవాబు అదే. మీ ఇంట్లో అందరికంటే సరిగ్గా మాట్లాడింది మీ అమ్మాయే. ఐదో నెల పళ్ళ వైద్యానికి అనువైన కాలం. కోడలిని ఈ వారమే డెంటిస్టుకు చూపించండి, గర్భిణి అన్న సంగతి ముందే చెప్పండి.

ఇట్లాంటి అధ్యయనం రేపు వరంగల్‌లో చేయాలనుకుందాం. సీకేఎం ప్రసూతి ఆసుపత్రిలో నాలుగో నెలలో గర్భిణుల పేర్లు రాసుకుంటారు. తొలి కాన్పు అయితే గర్భిణి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి పోతుంది. పుట్టిల్లు మహబూబాబాద్ అవతల తండా కావచ్చు, సిరిసిల్ల కావచ్చు. కాన్పు అక్కడే. బిడ్డ ఎన్ని వారాలకు పుట్టింది, బరువు రెండున్నర కిలోలు దాటిందా లేదా అన్నది అధ్యయనానికి ప్రాణం. ఆ ఒక్క లెక్కే చేతికి రాదు. మొదటి రోజే పుట్టింటి ఊరు, అక్కడి ఆశా కార్యకర్త ఎవరు, అన్న ఫోనా నాన్న ఫోనా అని అడిగి రాసుకునే మనిషి ఉండాలి. ఇది ఏ కోర్సూ నేర్పదు. మన ఇళ్ళలో పెరిగిన అమ్మాయికి చెప్పకుండానే తెలుస్తుంది.

నడుము విషయంలో కూడా ఇంతే. ఆపరేషన్ తర్వాత పేషెంట్ ఎంత కోలుకున్నాడో కొలవడానికి ప్రపంచమంతా వాడే ప్రశ్నపత్రం ఒకటుంది, ఆస్వెస్ట్రీ అంటారు. పది అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు. కూర్చోవడం గురించి అడిగేటప్పుడు కుర్చీలో ఎంతసేపు కూర్చోగలరు అంటుంది. మీరు కుర్చీలో ఎంతసేపు కూర్చున్నా మీ అసలు కష్టం అందులో దొరుకుతుందా? కింద కూర్చుని అన్నం తినడం, నీళ్ళ బిందె ఎత్తడం, పొలం గట్టు మీద నడవడం, ఎరువు బస్తా దించడం, ఇవి కదా మన కొలతలు. అలాగని ఎవరికి తోచినట్టు వాళ్ళు ప్రశ్నలు మార్చేయకూడదు. తెలుగులోకి మార్చి, వేరేవాళ్ళతో తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి, రెండూ కలుస్తున్నాయో లేదో చూసి, కొంతమంది పేషెంట్ల మీద పరీక్షించాలి. ఓపిక కావాల్సిన పని. మీ నడుము గురించి అమ్మాయి రాసిన నోట్‌బుక్ ఒక్క మనిషి కథే, దాన్ని రీసెర్చ్ అనలేం. కానీ అందులో ఆమె ఏమేం అడిగిందో ఒకసారి చూడమనండి. ఆస్వెస్ట్రీ అడగనిది ఏదైనా అడిగి ఉంటే, చేయాల్సిన పని అక్కడ దొరుకుతుంది.

ఇంకొకటి కూడా చదివించండి. అదే 2006లో వెన్ను డిస్కు జారినవాళ్ళ మీద ఒక పెద్ద అమెరికా అధ్యయనం ఫలితాలు వచ్చాయి, 501 మందితో. సగం మందిని ఆపరేషన్‌కు, సగం మందిని ఆపరేషన్ లేని వైద్యానికి కేటాయించారు. మూడు నెలలు తిరిగేసరికి ఆపరేషన్ గుంపులో సగం మందే చేయించుకున్నారు. ఆపరేషన్ లేని వైద్యానికి కేటాయించిన గుంపులో 30 శాతం మంది చేయించేసుకున్నారు. ఎవరినీ తప్పుపట్టలేం. నొప్పి భరించలేనివాళ్ళు ఆగరు, తగ్గినవాళ్ళు కత్తి కిందికి పోరు. దాంతో ఆపరేషన్ మేలా కాదా అన్న అసలు ప్రశ్నకు తేట జవాబు రాలేదు. ఆ చిక్కును అర్థం చేసుకోగలిగితే అమ్మాయి సగం రీసెర్చ్ నేర్చుకున్నట్టు.

మీ భయం దగ్గరికి వద్దాం. అది ఉత్త భయం కాదు. 2017లో జమ్మికుంట ప్రాంతం నుంచి డబ్బు కోసం మందుల పరీక్షలకు వెళ్ళిన యువకుల గురించి పేపర్లలో మీరూ చదివే ఉంటారు. అంతకుముందు ఖమ్మం జిల్లాలో హాస్టల్ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన ప్రాజెక్టును 2010లో ప్రభుత్వం ఆపేసింది. ఆ పిల్లల్లో కొందరి మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. కానీ అనుమతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. పార్లమెంటరీ కమిటీ 2013లో దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఇప్పుడు 2019 నాటి కొత్త రూల్సున్నాయి. కొత్త మందుల ట్రయల్‌లో పేషెంట్‌కు తీవ్రమైన హాని జరిగితే 24 గంటల్లో తెలపాలి, వైద్యం చేయించాలి, ట్రయల్ వల్లే హాని అని తేలితే పరిహారం ఇవ్వాలి. చదువు రానివాళ్ళు వేలిముద్ర వేస్తే, పక్కన సంబంధం లేని సాక్షి ఉండాలి. ట్రయల్‌కు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు, వాళ్ళలో ఒక మహిళ, ఒక న్యాయ నిపుణులు, ఒక సామాన్య పౌరుడు ఉండాలి. రూల్ పుస్తకంలో ఉంటే సరిపోదు. వేలిముద్ర వేసే తల్లికి ఎదురుగా కూర్చుని, ‘వద్దంటే నీ వైద్యం ఆగదు బిడ్డా’ అని మన మాటలో చెప్పే మనిషి కావాలి. నేను మీ స్థానంలో ఉంటే, భయపడి బిడ్డను ఆపను. భయం తెలిసిన బిడ్డ కాబట్టే పంపిస్తాను.

దారుల విషయం క్లుప్తంగా. ఆసుపత్రిలో స్టడీ కోఆర్డినేటర్‌గా చేరడం మొదటి మెట్టు. పేషెంట్లతో నేరుగా పని. మొదటి జీతం ఆశించినంత ఉండదు, అది ముందే చెప్తున్నాను. ఫార్మకోవిజిలెన్స్, అంటే మందుల దుష్ప్రభావాలను నమోదు చేసి పరిశీలించే ఉద్యోగాలు హైదరాబాద్‌లో ఎక్కువ, బీడీఎస్ వాళ్ళను తీసుకుంటారు. కానీ రోజంతా కంప్యూటర్ ముందే, పేషెంట్ ముఖం కనబడదు. మీ ఉత్తరం చదివాక అది ఈ అమ్మాయికి సరిపడదనిపిస్తోంది. మానిటర్ ఉద్యోగం, అంటే ట్రయల్ జరిగే ఆసుపత్రులకు వెళ్ళి పని సరిగ్గా జరుగుతోందో చూడటం, అనుభవం వచ్చాకే, దాంట్లో ఊళ్ళు తిరగడం ఎక్కువ. ఐసీఎంఆర్ సంస్థల ప్రాజెక్టు పోస్టులకు కూడా బీడీఎస్ వాళ్ళు అప్లై చేసుకునే వీలు వస్తుంటుంది, నోటిఫికేషన్‌లో అర్హత చూసుకోవాలి.

ఒకటి మాత్రం తేడా తెలుసుకోండి. కోఆర్డినేటర్ ఇంకొకరి ప్రశ్న మీద పనిచేస్తుంది. సొంత ప్రశ్న మీద పనిచేయాలంటే పై చదువు కావాలి. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) ఉంది, రెండేళ్ళు. లేదా నీట్ ఎండీఎస్ (దంతవైద్య పీజీ ప్రవేశ పరీక్ష) రాసి పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీ గానీ, చిగుళ్ళ వైద్యమైన పెరియోడాంటిక్స్ గానీ, మూడేళ్ళు. నా సలహా: ముందు ఏడాది కోఆర్డినేటర్‌గా చేయనివ్వండి, తర్వాత ఎంపీహెచ్. పని చూడకుండా పై చదువుకు పోయినవాళ్ళు థీసిస్ కోసం ప్రశ్న వెతుక్కుంటారు. పని చూసి పోయినవాళ్ళు ప్రశ్న వెంట తీసుకుపోతారు.

ఈ లోపు అమ్మాయిని సీటీఆర్‌ఐ వెబ్‌సైట్ తెరవమనండి. మన దేశంలో జరిగే ట్రయల్స్ 2009 నుంచి అందులో తప్పనిసరిగా నమోదు కావాలి, ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. వరంగల్ అని, గర్భిణులు అని, వెన్నెముక అని వెతికితే మన దగ్గర ఎవరు ఏం చేస్తున్నారో తెలుస్తుంది. కాకతీయ మెడికల్ కాలేజీలో గైనిక్, ఆర్థోపెడిక్స్ విభాగాల ప్రొఫెసర్లకు ఒక పేజీ ఉత్తరం రాసి, ఎంజీఎంలోనో సీకేఎంలోనో ఏదైనా అధ్యయనంలో సాయంగా ఉంటానని అడగొచ్చు. సిఫారసు అక్కర్లేదు. అడిగితే కాదనేవాళ్ళు ఉంటారు, ఇంకొకరిని అడగాలి.

సంబంధాల గురించి. డెంటల్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉన్నన్నాళ్ళూ మీ అమ్మాయి డాక్టరే, క్లినిక్ ఉన్నా లేకున్నా. రిజిస్ట్రేషన్ గడువు దాటకుండా రెన్యువల్ చేయించండి, రేపు మనసు మారి క్లినిక్ పెట్టాలన్నా ఇబ్బంది ఉండదు. వచ్చినవాళ్ళకు పని ఏమిటో దాచకుండా చెప్పండి, ఉద్యోగం హైదరాబాద్‌లో ఉండొచ్చని, పెళ్ళయ్యాక రెండేళ్ళు చదువు ఉండొచ్చని కూడా. ఆ మాట అమ్మాయి నోటితోనే చెప్పనివ్వండి.