ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కు బెర్లిన్ పంపే ముందు తేల్చుకోవాల్సినవి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీఎస్‌ఈ రెండో ఏడాది పూర్తి చేస్తోంది. కాలేజీ ద్వారా మూడో ఏడాదిలో ఒక సెమిస్టర్ బెర్లిన్‌లోని యూనివర్సిటీలో చదివే అవకాశం ఉందంటున్నారు. తర్వాత యూరప్‌లో ఎంఎస్ చేయాలని తన కోరిక. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు పోతాయేమోనని మా భయం. ఖర్చెంత? పంపమంటారా?
- ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: పంపండి. ఎంఎస్ ఆలోచన ఉన్న అమ్మాయికి ఇది మంచి అవకాశం. అయితే అక్కడి క్రెడిట్లను (సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లను) ఇక్కడ ఎలా లెక్కిస్తారో కాలేజీ రాతపూర్వకంగా ఇచ్చాకే టికెట్ కొనండి. ఎక్స్ఛేంజ్‌కు వెళ్లొచ్చి నష్టపోయే విద్యార్థుల్లో ఎక్కువమంది అక్కడ చదవలేక నష్టపోరు. చదివింది ఇక్కడ లెక్కలోకి రాక నష్టపోతారు.

ముందుగా ఇది నిజంగా ఎక్స్ఛేంజేనా అన్నది చూడండి. రెండు యూనివర్సిటీల మధ్య విద్యార్థుల మార్పిడి ఒప్పందం ఉంటే ట్యూషన్ ఫీజు ఇక్కడి కాలేజీకే కడతారు, అక్కడ కట్టనక్కర్లేదు. మీ కాలేజీ ఆమెను నామినేట్ చేస్తుంది, ఆ తర్వాతే అక్కడ దరఖాస్తు చేస్తారు. కొన్ని చోట్ల ‘సెమిస్టర్ అబ్రాడ్’ పేరుతో ఏజెన్సీ ద్వారా పంపి, అక్కడి ఫీజు వేరుగా వసూలు చేస్తారు. అది ఎక్స్ఛేంజ్ కాదు. ఒప్పందం కాపీ అడగండి. అందులో ట్యూషన్ మినహాయింపు, ఏ బ్రాంచి వారికి, ఏడాదికి ఎన్ని సీట్లు, ఎప్పటి వరకు అమలులో ఉంటుంది అన్నవి రాసి ఉండాలి. అఫిలియేటెడ్ కాలేజీ అయితే యూనివర్సిటీ ఎగ్జామినేషన్ బ్రాంచి అనుమతి కూడా కావాలి. ప్రిన్సిపల్ మాట ఒక్కటే చాలదు, ఎందుకంటే మార్కుల మెమో ఇచ్చేది యూనివర్సిటీ.

ఇక క్రెడిట్లు. యూరప్‌లో ఈసీటీఎస్ అనే ఉమ్మడి క్రెడిట్ల పద్ధతి నడుస్తుంది. సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల చదువు. మన సెమిస్టర్ 20 క్రెడిట్ల చుట్టూ ఉంటుంది కాబట్టి అంకెను అంకెతో పోల్చలేం. బయల్దేరే ముందు ‘లెర్నింగ్ అగ్రిమెంట్’ అనే పత్రం తయారవుతుంది. అక్కడ చదివే ప్రతి సబ్జెక్టుకూ ఎదురుగా ఇక్కడ ఏ సబ్జెక్టు మాఫీ అవుతుందో అందులో రాసి, విద్యార్థి, రెండు సంస్థలు సంతకం చేస్తాయి. ఇంగ్లిష్‌లో బోధించే కోర్సులు బ్యాచిలర్స్ స్థాయిలో తక్కువ, మాస్టర్స్‌లో ఎక్కువ. వెబ్‌సైట్‌లో కనిపించినవన్నీ ఆ సెమిస్టర్‌లో ఉండవు, ఉన్నవాటిలో రెండింటి టైమ్‌టేబుల్ ఒకే గంటలో పడొచ్చు. అందుకే ఐదు సబ్జెక్టులు అవసరమైతే ఎనిమిదింటికి ముందే అనుమతి తీసుకోండి. అక్కడికి వెళ్లాక మార్చాల్సి వస్తే మొదటి వారాల్లోనే సవరణ పత్రం మీద సంతకాలు అయిపోవాలి.

గ్రేడ్ల మార్పిడి పట్టిక కూడా అదే పత్రానికి జత చేయించండి. జర్మనీలో 1.0 అత్యుత్తమం, 4.0 పాస్ మార్కు. అంకె పెరిగే కొద్దీ గ్రేడ్ తగ్గుతుంది. జర్మన్ సంస్థలు సాధారణంగా వాడే సూత్రం ప్రకారం, గరిష్ఠం 10, పాస్ 5 అయిన మన స్కేలుపై వాళ్ల 2.0 దాదాపు 8.3 అవుతుంది. ఈ లెక్క ముందే తేలకపోతే తిరిగొచ్చాక క్లర్కుకు తోచినట్టు అవుతుంది, సీజీపీఏ (మొత్తం కోర్సు సగటు గ్రేడ్) దెబ్బతింటుంది. కొన్ని యూనివర్సిటీలు గ్రేడ్ వేయకుండా ‘పాస్’ అని మాత్రమే రాస్తాయి. సీజీపీఏ ఇప్పటికే బాగున్న అమ్మాయికి అదే మేలు.

అన్నిటికన్నా చిక్కు క్యాలెండర్‌తో వస్తుంది. జర్మనీలో వింటర్ సెమిస్టర్ అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు. తరగతులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్యలో ముగుస్తాయి, పరీక్షలు ఆ తర్వాత. ఐదో సెమిస్టర్‌కు బదులుగా దీనికి వెళితే, ఆమె తిరిగొచ్చేసరికి ఇక్కడ ఆరో సెమిస్టర్ సగానికి వచ్చి ఉంటుంది. 75 శాతం హాజరు నిబంధన ముందు ఆమె డిటెన్షన్ (హాజరు చాలక సెమిస్టర్ ఆపేయడం) అంచున నిలబడుతుంది. సమ్మర్ సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు, తరగతులు జులై మధ్య దాకా. ఆరో సెమిస్టర్‌కు బదులుగా దీనికి వెళ్లి, మొదటి విడత పరీక్షలు రాసి ఆగస్టు మొదట్లో వస్తే ఏడో సెమిస్టర్‌కు పెద్దగా దెబ్బ తగలదు. జనవరి నుంచి మార్చి వరకు ఇక్కడే మినీ ప్రాజెక్టు, ల్యాబ్‌లు ముగించుకోవచ్చు.

దీనికీ ఒక మూల్యం ఉంది. మూడో ఏడాది వేసవి ఇంటర్న్‌షిప్ పోతుంది, దాని ద్వారా వచ్చే ప్రీ ప్లేస్‌మెంట్ ఆఫర్ అవకాశమూ పోతుంది. ఉద్యోగమే మొదటి లక్ష్యమైతే వింటర్‌కు వెళ్లి, హాజరు మినహాయింపు ముందుగా రాయించుకోమనేవాణ్ని. మీ అమ్మాయి లక్ష్యం ఎంఎస్ కాబట్టి సమ్మరే సరైనదని నా అభిప్రాయం. అక్కడి ప్రొఫెసర్ దగ్గర చదివిన కోర్సు, ఆ ట్రాన్‌స్క్రిప్ట్ (అక్కడి గ్రేడ్ల పత్రం) ఎంఎస్ దరఖాస్తులో బలంగా నిలుస్తాయి. జులైలో మొదలయ్యే క్యాంపస్ రిజిస్ట్రేషన్లు, ఆన్‌లైన్ టెస్టులు అక్కడి నుంచే రాసేలా ప్లేస్‌మెంట్ సెల్ నుంచి ఈమెయిల్ తీసుకోండి. సమ్మర్‌కు నామినేషన్లు అంతకు ముందటి అక్టోబరు, నవంబరుల్లో ముగుస్తాయి.

ఖర్చు: జర్మన్ వీసాకు బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే జమ చేసి ఉంచే ఖాతాలో) నెలకు 992 యూరోల చొప్పున చూపాలి. ఆరు నెలలకు 5,952 యూరోలు, యూరో నూరు రూపాయలనుకున్నా దాదాపు 6 లక్షలు. ఈ డబ్బు ఒకేసారి చేతికి రాదు, అక్కడ కరెంట్ అకౌంట్ తెరిచాక నెలనెలా విడుదలవుతుంది. కానీ గది అడ్వాన్సు, మొదటి నెల అద్దె, 300 యూరోల పైచిలుకు సెమిస్టర్ కంట్రిబ్యూషన్ మొదటి వారాల్లోనే కట్టాలి. కంట్రిబ్యూషన్ ట్యూషన్ ఫీజు కాదు కాబట్టి ఎక్స్ఛేంజ్ వారికీ ఉంటుంది. బెర్లిన్‌లో చాలా యూనివర్సిటీల్లో లోకల్ రైళ్లు, బస్సుల పాస్ అందులోనే వస్తుంది. ఈ మొదటి వారాల ఖర్చులకు ఇంకో 2,000 యూరోలు ఫారెక్స్ కార్డులో విడిగా ఉంచండి. ఇక్కడి హాస్టల్, బస్సు ఫీజు ఆ సెమిస్టర్‌కు రద్దు చేయమని ముందే అర్జీ పెట్టండి. అడగకపోతే ఎవరూ తగ్గించరు. తెలంగాణ ఓవర్సీస్ విద్యానిధి పథకాలు పీజీ, పీహెచ్‌డీ పూర్తి కోర్సులకు ఉద్దేశించినవి, ఈ సెమిస్టర్‌కు వర్తించవు. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే, ఆ నెలల హాజరును ఎలా నమోదు చేస్తారో కాలేజీతో రాయించుకోండి.

ఇన్సూరెన్స్ దగ్గర చాలామంది పొరబడతారు. వీసాకు ట్రావెల్ ఇన్సూరెన్స్ సరిపోయినా, యూనివర్సిటీలో చేరడానికి సరిపోదు. అక్కడి పబ్లిక్ హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకోండి, నెలకు సుమారు 150 యూరోలు. చవకని ప్రైవేటు పాలసీకి మారి మినహాయింపు పత్రం తీసుకుంటే, ఆ చదువు పూర్తయ్యే వరకు పబ్లిక్‌కు తిరిగి వెళ్లే దారి ఉండదు.

గది దొరకడం బెర్లిన్‌లో వీసా కన్నా కష్టం. అడ్మిషన్ లెటర్ కోసం ఆగకుండా, నామినేషన్ కాగానే స్టూడీరెండెన్‌వెర్క్ (అక్కడి విద్యార్థి సేవల సంస్థ) హాస్టల్‌కు దరఖాస్తు పెట్టండి. హాస్టల్ గది 300 నుంచి 450 యూరోలు, బయట షేర్డ్ ఫ్లాట్‌లో గది 550 నుంచి 750. ‘యజమాని విదేశంలో ఉన్నాడు, డబ్బు పంపితే తాళాలు కొరియర్ చేస్తాడు’ అంటే అది మోసమే. చట్టప్రకారం అడ్వాన్సు మూడు నెలల అసలు అద్దెను (హీటింగ్ వంటి ఖర్చులు కలపనిది) మించకూడదు. గదిలో చేరిన 14 రోజుల్లో నగర కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి, దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. అది ఇవ్వనన్న గదిని చవకగా వచ్చినా తీసుకోవద్దు. ఈ నమోదుకు అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి గది ఖాయం కాగానే స్లాట్ పట్టుకోండి.

అక్కడ మిడ్ పరీక్షలు, ఇంటర్నల్ మార్కుల ఆసరా చాలా కోర్సుల్లో ఉండదు, చివరి పరీక్షే మొత్తం గ్రేడ్. కోర్సులో చేరినంత మాత్రాన పరీక్ష రాయనివ్వరు. పరీక్షకు విడిగా రిజిస్టర్ చేసుకోవాలి, గడువు దాటితే ఆ సబ్జెక్టు పోయినట్టే. రెండో విడత పరీక్షల నాటికి ఆమె హైదరాబాద్‌లో ఉంటుంది కాబట్టి మొదటి విడతకే సిద్ధం కావాలి. ట్రాన్‌స్క్రిప్ట్ రావడానికి వారాలు పడుతుంది. అది నేరుగా మీ కాలేజీకి చేరేలా అంతర్జాతీయ విభాగానికి ముందే చెప్పి, ఒక కాపీ తన ఈమెయిల్‌కూ తెప్పించుకోమనండి. ఫలితాలు వచ్చే వరకు ఏడో సెమిస్టర్‌లో తాత్కాలికంగా చేర్చుకుంటామన్న లేఖ బయల్దేరే ముందే ఆమె ఫైల్లో ఉండాలి.