తలకు దెబ్బ తగిలాక ఇమ్యూనిటీ పొడులు పనిచేస్తాయా?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. నెల కిందట బైక్ మీంచి పడి తలకు దెబ్బ తగిలింది. ఆపరేషన్ అవసరం రాలేదు. ఫిట్స్ రాకుండా మాత్రలు రాసి ఇంటికి పంపారు. ఇంకా తలనొప్పి, మతిమరుపు ఉన్నాయి. రోగనిరోధక కణాలు మెదడును కాపాడతాయని చదివాను. ఇమ్యూనిటీ పొడులు ఇవ్వొచ్చా? వాపు తగ్గడానికి స్టెరాయిడ్ వాడమని తెలిసినవాళ్లు చెబుతున్నారు.
– ఓ సోదరి, ఖమ్మం

జవాబు: మీరు చదివింది నిజమేనమ్మా. అలాగని పొడులు కొనకండి. స్టెరాయిడ్ జోలికి అసలే వెళ్లొద్దు.

మెదడులో మైక్రోగ్లియా అనే రక్షణ కణాలుంటాయి. దెబ్బ తగిలిన నిమిషాల్లోనే తమ సన్నటి పోగులను గాయం వైపు చాచి, దాని చుట్టూ దడి కట్టేస్తాయి. చచ్చిన కణాల ముక్కలను మింగేస్తాయి. ఆ తర్వాత రక్తంలోంచి టి-కణాలనే తెల్ల రక్తకణాలు వస్తాయి. వీటివల్ల మెదడుకు చేటేనని చాలాకాలం అనుకున్నాం. 1999లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో మిఖాల్ ష్వార్జ్ బృందం కంటి నరం దెబ్బతిన్న ఎలుకలకు టి-కణాలు ఎక్కించింది. అవీ ఎలాంటివి? నరాల పైపొర మీద దాడిచేసే రకం! అయినా ఆ ఎలుకల్లోనే నరకణాలు ఎక్కువగా బతికాయి.

అయితే ఈ రక్షణ కణాలే నెలల తరబడి శాంతించకపోతే బాగున్న నరకణాలనూ దెబ్బతీస్తాయి. ఎప్పుడు విజృంభించాలి, ఎప్పుడు తగ్గాలి అన్నదే ఇక్కడ ముఖ్యం. పొడులకు ఆ విచక్షణ ఉండదు. పైగా వాటిలో మిరియాలు మామూలే. మిరియాల్లోని పైపరిన్ వల్ల ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ రక్తంలో మోతాదు మించవచ్చు.

స్టెరాయిడ్ సంగతి ఎప్పుడో తేలిపోయింది. తలకు దెబ్బ తగిలిన 10,000 మందికి పైగా రోగులతో జరిగిన 'క్రాష్' అధ్యయనం 2004లో వెలువడింది. 8 గంటల్లోపు స్టెరాయిడ్ మొదలుపెట్టినవారిలో రెండు వారాల్లో 21 శాతం మంది చనిపోయారు. ఇవ్వనివారిలో 18 శాతం. అందుకే ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు.

దెబ్బ తగిలి నెలైనా తలనొప్పి, మతిమరుపు ఉండటం చాలామందిలో చూస్తాం, మెల్లగా తగ్గుతాయి. కంటినిండా నిద్రపోనివ్వండి. మద్యం తాగనివ్వకండి. డాక్టరు చెప్పేదాకా ఫిట్స్ మాత్రలు ఆపొద్దు, బండి ఇవ్వొద్దు. కానీ తలనొప్పి రోజురోజుకీ పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మగతగా ఉన్నా, ఒకవైపు కాలో చెయ్యో పట్టు తప్పుతున్నా ఆలస్యం చేయకండి. దెబ్బ తగిలిన కొన్ని వారాలకు కూడా పుర్రె కింద రక్తం గూడుకట్టే ప్రమాదం ఉంది. ఓపీ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, సీటీ స్కాన్ చేయించండి.

– న్యూరాలజిస్ట్