కూలిన లాడ్జా, కూల్చిన మందిరమా?

సందేహం: ఒక పాత ఫొటో కింద "1939లో కూల్చబడిన షికాగో మేసానిక్ లాడ్జి" అని రాశాను. 'కూల్చబడిన' ఎబ్బెట్టుగా ఉంది, 'కూలిన' అని మార్చమని మా అన్నయ్య అంటున్నాడు. పైగా లాడ్జి అంటే గదులు అద్దెకిచ్చే చోటు అనుకుంటారేమో! ఎలా రాయాలి?

సమాధానం: ఎబ్బెట్టుగా ఉందన్న మీ అన్నయ్య మాట నిజమే. ఆయన చెప్పిన మార్పు మాత్రం ఒప్పుకోలేను.

కూలు, కూల్చు వేరువేరు. వానకు నానిన గోడ కూలుతుంది, గునపం పట్టినవాడు గోడను కూలుస్తాడు. కాలు-కాల్చు, పేలు-పేల్చు, మారు-మార్చు అన్నీ ఇదే దారి. 'కూలిన' అంటే దానంతటదే పడిపోయిందని అర్థం. షికాగో భవనం అలా పడలేదు. బర్న్‌హామ్, రూట్ అనే వాస్తుశిల్పులు గీసిన ఆ కట్టడం 1892లో పూర్తయింది. ఎత్తు 302 అడుగులు. నడిమధ్యన కింది నుంచి పైదాకా ఖాళీ వదిలి, పైన అద్దాల కప్పు వేశారు. ఆ వెలుతురు చుట్టూ కింద దుకాణాలు, వాటి మీద ఆఫీసులు, ఆ పైన మేసన్ల, అంటే ఫ్రీమేసన్లు అనే సోదర సంఘం వారి సమావేశ గదులు. ఊరు చూడడానికి జనం లిఫ్టులెక్కి పైకప్పు దాకా వెళ్లేవారు. కాలం గడిచేకొద్దీ ఆ లిఫ్టులు, లోపలి వసతులు పాతబడ్డాయి. పక్కనే స్టేట్ స్ట్రీట్ కింద సబ్‌వే తవ్వాల్సి వచ్చేసరికి పునాదులను బలపరచడం తలకు మించిన ఖర్చయింది. 47 ఏళ్లకే పడగొట్టి, ఆ స్థలంలో రెండంతస్తుల దుకాణాలు కట్టారు. అలాంటిదాన్ని 'కూలిన' అంటే కట్టినవాళ్ల పనితనం మీద నింద వేసినట్టే. ఆ మాట నాకు మింగుడుపడదు.

మరి 'బడిన' అక్కర్లేదా? అక్కర్లేదు. వండిన అన్నం అంటాం, వండబడిన అన్నం అనం. ఉతికిన చీర, కోసిన కూర కూడా అంతే. చేసినవాళ్లెవరో చెప్పకపోయినా, ఎవరో చేశారన్న సంగతి ఆ ఒక్క మాటలోనే ఉంటుంది. కాబట్టి 'కూల్చిన' చాలు. 'పడగొట్టిన' అంటే ఇంకా మన నోటి మాట.

ఇక లాడ్జి. పాత ఫ్రెంచిలో 'లోజ్' అంటే పాక, పందిరి. మధ్యయుగాల్లో పెద్ద చర్చిలు కట్టే చోట రాతిపనివాళ్లు పక్కనే ఒక పాక వేసుకుని అందులో రాళ్లు చెక్కేవారు. దాన్నే ఇంగ్లిషులో లాడ్జి అన్నారు. ఆ పాక పేరు పోనుపోను అక్కడ కలిసే మనుషులకు అంటుకుంది. మేసన్ అంటే ఇంగ్లిషులో రాతిపనివాడే, అందుకే ఆ పనిముట్లయిన మూలమట్టం, కంపాస్ నేటికీ మేసన్ల గుర్తులు. మన బస్టాండ్ ఎదుటి లాడ్జి కూడా ఆ పాక సంతతే, కాకపోతే బస చేయడమన్న అర్థం మీదుగా వచ్చింది.

మేసన్ల వాడుకలో లాడ్జి అంటే ముందుగా సభ్యుల బృందం. హైదరాబాద్‌లో గోషామహల్ బారాదరి ఉంది కదా, అది కుతుబ్‌షాహీల కాలపు కట్టడం. మేసన్లు అందులోకి వచ్చింది చాలా తర్వాత. బారాదరి భవనమైతే, అందులో కలిసేవారిది లాడ్జి. షికాగోలోనూ ఒకే కప్పు కింద ఎన్నో లాడ్జీలు కలిసేవి. పడగొట్టింది భవనాన్ని, లాడ్జిని కాదు.

ఆ భవనం అసలు పేరు మేసానిక్ టెంపుల్. అలాగని గుడి అనకండి, అక్కడ మూలవిరాట్టూ లేడు, పూజారీ లేడు. మందిరం అనొచ్చు. సంస్కృతంలో ఆ మాటకు ఇల్లు అనే అర్థం ఉంది, సభామందిరం, కళామందిరం మనకు అలవాటే.

నేనైతే ఇలా రాస్తాను: "షికాగోలో మేసన్ల సభామందిరం. 1892లో కట్టారు, 1939లో పడగొట్టారు."