లంబసింగికి వెళ్తున్నారా? ముందు వీపు కింద ఏముందో చూసుకోండి

ఎనిమిది మంది స్నేహితులం డిసెంబరులో విశాఖ మన్యంలోని లంబసింగి దగ్గర రెండు రాత్రులు టెంట్లలో ఉంటాం, ఏమేం కొనుక్కోవాలి అని అడిగారు. మేం తొమ్మిది మందిమి వెళ్ళి, వణికి వచ్చాం కాబట్టి చెబుతున్నాను.

విశాఖలో పుట్టి పెరిగినవాళ్ళకు చలి అంటే తెలియదు. రాత్రి 18 డిగ్రీలకు పడితే చాలు, బీచ్ రోడ్డులో మంకీ క్యాపులు కనిపిస్తాయి. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కాక ఉష్ణోగ్రత ఒక అంకెకు దిగుతుందని పేపర్లో ఏటా చదువుతూనే ఉన్నా, మేం డబ్బంతా స్వెట్టర్లకే తగలేశాం. పడుకోవడానికి మాత్రం ఇంటికి చుట్టాలొస్తే వేసే గాలి పరుపులు పట్టుకెళ్ళాం. అర్ధరాత్రికల్లా వీపు మంచుగడ్డకు ఆనించినట్టయింది. ఆ పరుపులో ఉన్నది ఉత్త గాలే కదా, అది లోపల తిరుగుతూ ఒంటి వేడిని నేలకు అప్పజెబుతుంది.

మా మేనమామ మాత్రం రెండు గోనె సంచులు పరిచి, వాటి మీద చాప, ఆ పైన అత్తయ్య పాత చీరలతో కుట్టిన బొంత వేసుకుని హాయిగా గురక పెట్టారు. బయల్దేరేటప్పుడు ఆ మూటను చూసి నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. రాత్రి రెండు గంటలకు ఆ బొంత అంచున కాస్త చోటడిగినవాణ్ణి కూడా నేనే.

అందుకే మొదట కొనాల్సింది మనిషికొక ఫోమ్ షీటు. సుమారు సెంటీమీటరు మందం, నీరు పీల్చనిది, చుట్ట చుడితే బ్యాగుకు కట్టుకోవచ్చు. ఎంత ఖరీదైన స్లీపింగ్ బ్యాగయినా మన బరువుకు అడుగు భాగం అణిగిపోతుంది. లోపలి మెత్తటి పొర అణిగితే వెచ్చదనం ఇవ్వదు. బ్యాగు మీద రెండు ఉష్ణోగ్రతలు రాసి ఉంటే, కంఫర్ట్ అన్న అంకెనే నమ్మండి. లిమిట్ అన్నది ముడుచుకుని ఎలాగో తెల్లవార్చే లెక్క.

టెంటు కింద వేయడానికి పూర్ణా మార్కెట్‌లో టార్పాలిన్ కొన్నాం. అది టెంటు అంచులు దాటి బయటికి రాకూడదు. వస్తే పైనుంచి జారిన మంచునీరు దాని మీద చేరి నేరుగా మన కిందికే వస్తుంది. చలికి భయపడి గాలి కిటికీలు పూర్తిగా మూసేశారంటే, మీ ఊపిరే తెల్లారేసరికి నీటి చుక్కలై ముఖం మీద పడుతుంది. కాస్త తెరిచే ఉంచండి. నిప్పుల కుంపటి మాత్రం ఏ పరిస్థితిలోనూ లోపలికి తేవద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక గుంపు సంగతి. తొమ్మిది మందిమి ఏడు పవర్ బ్యాంకులు తెచ్చాం. చాకు ఒక్కరూ తేలేదు. స్టీలు పళ్ళెం అంచుతో టమాటాలు నలిపి కూర వండుతుంటే, ఒకడు ఫోను నోట కరచుకుని వెలుగు చూపించాడు. తలకు కట్టుకునే లైట్లు రెండైనా ఉంటే ఆ తిప్పలు ఉండవు. ఉమ్మడి సామాను జాబితా ఒక్కరి చేతిలోనే పెట్టండి, అదీ రోజూ వంట చేసేవారికి. చిన్న గ్యాస్ డబ్బా తెల్లవారుజామున మంట సరిగా ఇవ్వదు. చలికి లోపలి బ్యూటేన్ సరిగా ఆవిరి కాదు. రాత్రి దాన్ని మీ దుప్పటిలోనే ఒంటికి దగ్గరగా ఉంచుకుంటే పొద్దున టీ అందుతుంది.

టెంట్లు మాత్రం మొదటిసారికే కొనకండి. సీజనులో అక్కడే అద్దెకిస్తారు. నలుగురికని చెప్పినదాంట్లో ముగ్గురే పడతారు కాబట్టి మీ ఎనిమిది మందికి మూడు కావాలి. మాకు వాళ్ళిచ్చిన పరుపు వేలెడు మందం కూడా లేదు, ఫోమ్ షీట్లు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి.